మీ కంప్యూటర్ - మీ ప్రశ్నలు: అన్‌లాక్ చేసి అమ్మి, వారంటీ లేదంటే ఎలా?

ప్రశ్న: సార్, రెండు నెలల కింద కొత్త పీసీ అసెంబుల్ చేయించుకున్నా. ఇంటెల్ 'కె' మోడల్ ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డు. డబ్బా మీదే అన్‌లాక్డ్ అని ఉంది. ఓవర్‌క్లాక్ చేద్దామంటే, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి నడుపుదామంటే, వారంటీ పోతుందని ఫ్రెండు భయపెడుతున్నాడు. వాళ్లే తాళం తీసి అమ్మి, వాళ్లే వారంటీ లేదంటే ఎలా సార్?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, కానీ మీ ఫ్రెండు చెప్పిందీ నిజమే. అన్‌లాక్డ్ అంటే మల్టిప్లయర్ మీద తాళం లేదని, అంతే. బేస్ క్లాక్‌ని ఈ మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేదే ప్రాసెసర్ స్పీడు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 50 అయితే 5 గిగాహెర్ట్జ్ వస్తుంది, ఆ 50ని మీరు 52 చేసుకోవచ్చు, చేసుకున్నాక కాలితే మాత్రం మమ్మల్ని అడగొద్దు అని షరతుల్లో రాసుకుంటారు. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీదీ ఇదే తంతు, వాళ్ల రైజెన్ ప్రాసెసర్‌లు దాదాపు అన్నీ అన్‌లాక్డే, అయినా స్పీడుని హద్దు దాటి దానంతటదే పెంచుకోనిచ్చే పీబీఓ ఆన్ చేయబోతే బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే బోర్డు చూపించే సెట్టింగ్స్‌లో) ఒక హెచ్చరిక వస్తుంది చూడండి, మనమెవరం చదవం, యాక్సెప్ట్ కొట్టేస్తాం, అందులో ఉన్నది ఇదే.

ఒకప్పుడు ఇంటెలే దీనికి విడిగా ఒక ప్లాన్ అమ్మేది, 2012లో మొదలుపెట్టింది, ఓవర్‌క్లాక్ చేసి కాల్చుకున్నా ఒక్కసారి కొత్తది ఇచ్చేవాళ్లు. 2021లో ఎత్తేశారు. నాకైతే అది మంచి పద్ధతే అనిపించేది.

కంపెనీకి భయమెందుకంటే లెక్క చూడండి. స్పీడు పెంచితే వేడి అదే మోతాదులో పెరుగుతుంది, వోల్టేజ్ పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. స్పీడు 10 శాతం పెంచడానికి వోల్టేజ్ 1.25 నుంచి 1.40కి తీసుకెళ్లారనుకోండి, చిప్ తినే కరెంటు దాదాపు 38 శాతం ఎక్కువవుతుంది. పైగా చిప్ లోపలి సన్నటి లోహపు తీగల్లో పరమాణువులు ఆ వేడికీ కరెంటుకీ మెల్లగా పక్కకి జరుగుతుంటాయి. నేను చాలా ఏళ్ల కింద ఒక ప్రాసెసర్‌ని ఇలాగే పిండా, ఏడాది పాటు రాయిలా నడిచింది, తర్వాత అదే స్పీడుకి ఇంకొంచెం వోల్టేజ్ అడిగింది, ఇచ్చా, మళ్లీ అడిగింది, చివరికి మామూలు సెట్టింగ్స్‌లో కూడా వీడియో ఎడిట్ చేస్తుంటే హ్యాంగ్ అయ్యేది. దాన్ని వారంటీకి పంపలేదు, తప్పు నాదేగా.

ఇక మీరు అడగలేదు గానీ అందరూ అడిగేది, వాళ్లకెలా తెలుస్తుంది అని. మామూలుగా సెట్టింగ్స్ ఉండేది బోర్డు బయోస్‌లో, ప్రాసెసర్‌లో కాదు, అందుకే డీఫాల్ట్ పెట్టి పంపేయ్ అని సలహా ఇచ్చేవాళ్లు బోలెడు. అన్ని చిప్‌లూ అలా ఉండవు. 2023లో వచ్చిన ఏఎండీ 7000 సిరీస్ థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్‌లలో ఓవర్‌క్లాకింగ్ ఆన్ చేస్తే లోపల ఒక ఫ్యూజు శాశ్వతంగా పోతుంది. దానిమీద గోల రేగితే ఏఎండీ చెప్పిందేంటంటే, ఫ్యూజు పోయినంత మాత్రాన వారంటీ పోదు, ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతేనే ఇవ్వం అని. కాబట్టి అడిగితే ఉన్నది చెప్పండి, చిప్ పాడవడానికీ దానికీ సంబంధం లేకపోతే అదీ చెప్పి వాదించండి.

ప్రశ్న: నేను ఓవర్‌క్లాక్ జోలికే పోలేదండీ. ర్యామ్ మీద 6000 అని ఉంది, బయోస్‌లో 4800 చూపిస్తుంటే, ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేశా. ఇదీ లెక్కలోకి వస్తుందా?

జవాబు: కాగితం మీద అయితే వస్తుందండీ. ర్యామ్ 6000కి తట్టుకుంటుంది, కానీ దాన్ని నడిపే కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో, దాని హద్దు వేరు, ఇంటెల్ 14900కెకి రాసింది 5600. ఏఎండీ వాళ్ల ఇలాంటి సెట్టింగ్, ఎక్స్‌పో కథా అదే. ఇది మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది, ఎక్స్‌ఎంపీ స్పీడునే పెద్దక్షరాల్లో వేసి అమ్ముతుంటే జనం ఆన్ చేయకుండా ఉంటారా.

నేనూ ఆన్ చేసే వాడుతున్నా. కాకపోతే బయోస్ అప్‌డేట్ చేశాకే. 2023లో కొన్ని బోర్డులు ఎక్స్‌పో ఆన్ చేయగానే ఎస్ఓసీ వోల్టేజ్‌ని (ప్రాసెసర్‌లో ర్యామ్ కంట్రోలర్ ఉండే భాగానికి ఇచ్చేదాన్ని) వాటంతటవే ఎక్కువ పెంచేసేవి, రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని ఉబ్బి, సాకెట్‌తో సహా మాడిపోయాయి. తర్వాత కొత్త బయోస్‌లతో దాన్ని 1.3 వోల్టుల దగ్గర ఆపేశారు. మీదీ అలాంటి బోర్డే అయితే ఆ అంకె ఎంతుందో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: 13వ తరం ఐ9, ఏమీ ముట్టుకోలేదు, అయినా గేములు క్రాష్. నా తప్పా?

జవాబు: మీది కాకపోవచ్చు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజ్ ఎక్కువ అడిగే లోపం ఉందని ఇంటెలే ఒప్పుకుని, 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్‌తో (కొత్త బయోస్‌తో పాటు ప్రాసెసర్‌కి అందే సవరణతో) 1.55 వోల్టులకి కట్టడి చేసింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. కొత్త బయోస్ వేసి, ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టి చూడండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, క్రాష్‌లు ఆగకపోతే మార్చమని అడగాల్సిందే. డబ్బాలో వచ్చిందైతే ఇంటెల్‌నే అడగండి, డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే చిప్ అయితే అమ్మినవాళ్లని. చిప్ పంపడానికి కూలర్ ఎలాగూ తీస్తారు కాబట్టి, దాని కింద ఉండే పేస్టు తుడిచి, చిప్ మీది నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి.