ఇన్‌హేలర్‌కు ఒళ్లు అలవాటు పడుతుందా?

రోజూ వాడితే ఉబ్బసం ఇన్‌హేలర్‌కు ఒళ్లు అలవాటు పడి, చివరికి పనిచేయకుండా పోతుందా అని అడిగారు. ఏ ఇన్‌హేలర్? ఆ తేడా తెలియకే నేను రెండేళ్లు అవస్థ పడ్డాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వానాకాలం వడ్లు దిగే రోజుల్లో సాయంత్రానికి నా బల్ల మీది దుమ్ములో వేలితో పేరు రాయవచ్చు. చొక్కా జేబులో ఎప్పుడూ నీలం ఇన్‌హేలర్ ఉండేది, అంటే సాల్బుటమాల్. మొదట్లో రెండు పఫ్‌లు పీలిస్తే ఐదు నిమిషాల్లో పిల్లికూతలు ఆగి, నాలుగైదు గంటలు హాయిగా గడిచేది. తర్వాత తర్వాత రెండు గంటలకే చేయి జేబులోకి పోయేది. 200 పఫ్‌ల డబ్బా మూడు వారాలకు మించి వచ్చేది కాదు. "దానికి బానిసవయ్యావురా" అని అమ్మ దిగులు పడేది.

నల్లగొండలో ఛాతీ డాక్టరు గారు అడిగిన మొదటి మాట: "ఏడాదికి ఎన్ని డబ్బాలు?" మిల్లు లెక్కలన్నీ నోటికి చెప్పే నేను ఈ లెక్క ఎన్నడూ వేయలేదు. వేస్తే పదిహేను దాటింది. ఏడాదికి మూడు డబ్బాలు పట్టినా ఉబ్బసం అదుపులో లేనట్టేనట, పన్నెండయితే ప్రాణానికే ముప్పు పెరుగుతుందట.

మీ భయంలో నిజం లేకపోలేదు. సాల్బుటమాల్ శ్వాసనాళాల కండరాల మీది బీటా-2 గ్రాహకాలను, అంటే మందు అంటుకునే చోట్లను, పట్టుకుని ఆ కండరాలను వదులు చేస్తుంది. అదే పనిగా తాకుతుంటే ఆ గ్రాహకాలు తగ్గుతాయి, మొద్దుబారతాయి. కానీ అసలు సంగతి వేరే ఉంది: ఆ మందు నాళాల లోపలి వాపును ముట్టుకోదు. వాపు పెరిగేకొద్దీ మందే బలం తగ్గినట్టు అనిపిస్తుంది. నాకు జరిగింది ఎక్కువగా ఇదేనని ఆయన తేల్చారు.

బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, నాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రాశారు. స్టెరాయిడ్ అనగానే జంకాను. మాత్రల మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటే పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. వాపును తగ్గించే ఈ స్టెరాయిడ్‌కు ఒళ్లు అలవాటు పడిపోదు, పైగా మొద్దుబారిన గ్రాహకాలు కొంత తేరుకుంటాయి. 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు కూడా పెద్దవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దంటున్నాయి.

ఇంకో సిగ్గుపడాల్సిన విషయం. ఎలా పీలుస్తానో చూపించమని నర్సమ్మ అడిగితే, సగం మందు పెదవుల మూలల నుంచి పొగలా బయటికి వచ్చేసింది. రెండేళ్లుగా ఊపిరితిత్తులకంటే నాలుకకే ఎక్కువ మందు వేశానన్నమాట! ఇప్పుడు ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం పెట్టుకుని నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబడతాను. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి. నేను బద్ధకించి ఒకసారి నాలుక మీద తెల్లపూత తెచ్చుకున్నాను.

నిరుడు వడ్ల కాలం నుంచి ఒక్క నీలం డబ్బా కూడా పూర్తి కాలేదు. దుమ్ము మాత్రం అలాగే ఉంది.

మీరు మాత్రం ఇది చదివి ఏ మందూ మానేయకండి. నీలం దాని ప్రభావం నాలుగు గంటలు కూడా నిలవకపోతే, మాట్లాడటానికే ఆయాసం వస్తే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఖాళీ డబ్బాలు పారేయకుండా దాచి, డాక్టరు ముందు పెట్టండి.