కొత్త అయ్యగారిలో సంఘం ఏం చూస్తుంది?

చర్చికి కొత్త పాస్టర్ వస్తుంటే సంఘస్తులు ఆయనలో ఏ లక్షణాలు కోరుకుంటారని అడిగారు. మాది బందరు దగ్గర పల్లె, సీఎస్ఐ గుడి, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. మాకు కోరుకునే వీలు ఎక్కడిదండీ! బాప్టిస్టులైతే తమ పాస్టర్‌ని తామే పిలుచుకుంటారు. మాకు బిషప్ గారి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది, దాని వెనకాలే అయ్యగారు, అమ్మగారు, సామాన్ల వ్యాను దిగుతాయి.

అలాగని ఆరా తీయకుండా ఉంటామా? కబురు తెలిసిన సాయంత్రమే మా పెద్దలు పాత సంఘం వాళ్లకి ఫోన్ కొడతారు. ప్రసంగం ఎంతసేపు? పాడతారా? కమిటీతో పడుతుందా? చివర్లో గొంతు తగ్గించి, "ఎవరివాళ్లట?" 1841లో నోబుల్ దొర, ఫాక్స్ దొర బందరులో దిగి మొదలుపెట్టిన మిషన్ మాది. ఇన్ని తరాలైనా మాలా మాదిగా అని తేలేదాకా కొందరికి నిద్రపట్టదు. సిగ్గుచేటు.

కొన్నేళ్ల కిందట ఒకాయన గురించి ఫోన్‌లో వచ్చిన రిపోర్టు, "మంచాయనే గానీ ప్రసంగం చప్పగా ఉంటుంది" అని. నిజంగానే చప్పగా ఉండేది. కాకపోతే ఇరవై నిమిషాల్లో ముగించేసేవారు. ఇప్పుడు గంటన్నర వాక్యం, చెవి పక్కనే సౌండ్ బాక్సు, తాతలనాటి కీర్తనకి కూడా కీబోర్డులో పెళ్లి బ్యాండు దరువు. సరే, అది వేరే ఏడుపు.

ఆయన వచ్చిన ఏడాది కోతపండుగ చెప్తాను. ఆరాధన అయ్యాక బలిపీఠం ముందు పెట్టినవన్నీ వేలం వేస్తాం కదా. వడ్ల బస్తా, అరటిగెల, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. పెద్ద పెద్ద వాటికి పాట జోరుగా సాగింది. చివర్లో ఒక స్టీలు గిన్నె మిగిలింది. అందులో ఊక పోసి నాలుగు నాటు గుడ్లు. మా వీధి చివరి మామ్మ తెచ్చినవి. అంతకుముందు అయ్యగార్లయితే "యాభై, అయిపోయింది" అని పక్కన పెట్టేసేవాళ్లు.

ఈయన గిన్నె చేత్తో పట్టుకుని, "మామ్మగారి కోడి ఈ విడత ఆరే పెట్టింది. పొదిగేద్దామనుకున్నారు. నాలుగు ఇక్కడికి తెచ్చేశారు" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. గుళ్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలా. మామ్మ తల మీద కొంగు ఇంకా ముందుకి లాక్కుంది. వెనక బెంచీలోంచి ఎవరో వంద అన్నారు. మగాళ్ల వైపు నుంచి మూడొందలు. పాట ఎక్కడ ఆగిందనుకున్నారు? 1,100 రూపాయల దగ్గర. పాడింది మా నాన్న.

కోడి ఎన్ని పెట్టిందో ఆయనకెలా తెలుసు? వచ్చిన మొదటి నెలలోనే ఆమె అరుగు మీద కూర్చుని టీ తాగొచ్చారు కాబట్టి. సంఘానికి కావల్సింది ఇదొక్కటే, మిగతాదంతా నోటిమాట. ఏ సంఘస్తుణ్ణైనా పోయిన ఆదివారం వాక్యం ఏంటో అడిగి చూడండి, నీళ్లు నములుతాడు. ఆ గుడ్ల పాట మాత్రం మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంటికెళ్లాక అమ్మ నాన్నని ఉతికి ఆరేసింది. రాత్రి గుడ్ల పులుసు పెట్టి నా కంచంలో ఒకటి వేస్తూ, "275 రూపాయల గుడ్డురా, నిదానంగా తిను" అంది.