ఎర్ర పెన్ను పట్టే ముందు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. ఇరవై నిమిషాలు తన బీపీ మాత్రల గోలే. చివర్లో, పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు, "అది నవల పూర్తి చేసిందట, నాలుగు వందల పేజీలు. నెల రోజులు సెలవు పెట్టి కూర్చుని దిద్దుతుందట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మన ఇంట్లో నా తర్వాత రాయడానికి కూర్చున్నదానివి నువ్వే. సంతోషం పట్టలేక వంటింట్లోకి వెళ్ళి పాయసం కాచాను. నాకు షుగరు, ఇంట్లో ఇంకెవరూ లేరు, అయినా కాచాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ సెలవుకి జీతం కోసేస్తారా అని ఒక బెంగ. ఇంకోటి ఉంది, అది తర్వాత చెప్తాను.

మొదటి ముప్పై పేజీలు మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. నీకు చెప్పకుండానే పంపినట్టున్నాడు, తిట్టకు. బావుందే. చెరువుగట్టు మీద తాత బీడీ ఆర్పి, మిగిలిన సగం ముక్క చెవి మీద పెట్టుకునే చోట ఆగి మళ్ళీ చదివాను. కానీ పద్నాలుగో పేజీలో సిరిమానుని ఆదివారం తిప్పేశావేమిటి? విజయనగరం ఆడపిల్లవేనా నువ్వు? దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం కదే పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగేది!

తిడుతున్నాను గానీ నేను చేసింది ఇంకా ఘనకార్యం. నా నవలలో దీపావళి రాత్రి డాబా మీద వెన్నెల కాయించాను. ఆ వారం పత్రిక వచ్చాక కార్డుల మీద కార్డులు. ఒకాయన ఒక్క వాక్యమే రాశాడు: "అమ్మా, మీ ఊళ్ళో అమావాస్యకి చంద్రుడు వస్తాడా?" అప్పటి నుంచి ఏం రాసినా పంచాంగం పక్కన పెట్టుకునే కూర్చున్నాను. నువ్వూ ఒక పెద్ద కాగితం తీసుకుని ఏ అధ్యాయం ఏ ఏడాది, ఏ నెల, అప్పటికి ఎవరి వయసెంత, అన్నీ గీసుకో. నీ తాతకి మొదటి అధ్యాయంలో అరవై రెండు. నాలుగేళ్ళు గడిచాక అరవై మూడు. అదృష్టవంతుడు.

మామూలు సంగతులు చకచకా చెప్పేస్తాను. రాత పూర్తయ్యాక కొన్నాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. సెలవు ఇప్పుడే ఎందుకు పెట్టావో నాకర్థం కాలేదు. ఆవకాయ పెట్టిన పూటే జాడీ మూత తీసి ఉప్పు చూడం కదా, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు చూస్తాం. మొత్తం ప్రింట్ తీసుకో, స్క్రీన్ మీద తప్పులు దాక్కుంటాయి. గట్టిగా పైకి చదువు. వరసగా ఆరు వాక్యాలు "అన్నాడు, వచ్చాడు, కూర్చున్నాడు" అని తోక ఊపుతుంటే కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. మొదటి విడతలో అక్షర దోషాల జోలికి పోకు. కూలగొట్టాల్సిన గోడకి సున్నం వేసుకున్నట్టుంటుంది. ముందు ప్రతి అధ్యాయానికీ ఒక్క వాక్యం రాసుకో, ఇందులో ఏం మారింది అని. ఏమీ రాయలేకపోయిన అధ్యాయం దగ్గర కూర్చుని ఆలోచించు. అలాగే నీకు తెలియకుండా నువ్వు పెంచుకున్న మాటలుంటాయి. నా కథానాయిక ఒక్క నవలలో నలభై ఒక్కసార్లు నిట్టూర్చింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, నీకు కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుంది. ఎవరికైనా చదవడానికిస్తే "ఎలా ఉంది" అని అడగకు, బావుందనే అంటారు. "ఎక్కడ ఆపి ఫోన్ చూసుకున్నావు" అని అడుగు.

ఇక నా అసలు బెంగ. ఆఫీసు స్నేహితులకి చదవడానికి ఇచ్చావట. తాత మాటలు అర్థం కావట్లేదన్నారట. ఏదో యాప్‌లో పెడితే భాషంతా శుభ్రమైపోతుందట, నువ్వు పెడతానన్నావట. ఇది విన్నాకే నాకు నిద్ర పోయింది.

1984లో నా నవల వారపత్రికలో ఇరవై ఆరు వారాలు వచ్చింది. అందులో సూరమ్మ అని ఒక మనిషి ఉంది. అప్పట్లో మన ఇంట్లో అంట్లు తోమి, పిండి దంచి పెట్టే ఒకావిడ ఉండేది, నువ్వు పుట్టక ముందే పోయింది. సూరమ్మంటే ఆవిడే. చదువు రాదు. పత్రిక వచ్చిన రోజు పని ముగించుకుని, గుమ్మం దగ్గర కూర్చుని, "నా కత సదువమ్మా" అనేది. తన మాట వచ్చిన చోటల్లా "అవును, అలగే అన్నాను" అని తలూపేది. కొన్ని నేను కల్పించినవి. వాటికీ తలూపేది.

1987లో పుస్తకంగా వేస్తామని ఒకరు ముందుకొచ్చారు. ఇచ్చే ముందు రాతప్రతి ఒక పెద్దాయనకి చూపించాను. పేరెందుకులే, ఆయనా లేరు. చెడ్డగా ఏమీ అనలేదు. "నవల బావుందమ్మా. సూరమ్మ భాష మాత్రం గోదావరి దాటితే ఎవరికీ అర్థం కాదు. తెలుగు టీచరువి, నువ్వే ఇలా రాస్తే ఎలా?" అన్నారు. ఆ టీచరువి అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. బళ్ళో పిల్లలు "ఏటండీ" అంటే "ఏమిటండీ అనాలి" అని రోజుకి పదిసార్లు దిద్దేదాన్ని. పదకొండు రాత్రులు కూర్చున్నాను. ఎర్ర సిరా పెన్ను. సూరమ్మ నోరు విప్పిన ప్రతి చోటా,

"బేగెల్లమ్మా, వానొచ్చెత్తంది. బట్టలు నానెత్తుకొత్తాను" అన్నది కాస్తా,

"తొందరగా వెళ్ళమ్మా, వర్షం వచ్చేలా ఉంది. బట్టలు నేను తీసుకొస్తాను" అయిపోయింది.

చూడు, ఒక్క తప్పు లేదు. పరీక్ష పేపర్లో అయితే ఐదుకి ఐదు వేస్తాను. పదకొండో రాత్రి పెన్ను మూత పెట్టి హాయిగా నిద్రపోయాను కూడా.

పుస్తకం వచ్చింది. మొదటి కాపీ పట్టుకుని ఆవిడని కూర్చోబెట్టి చదివాను. రెండు పేజీలు తలూపకుండా వింది. చేతిలో చీపురుపుల్ల ఉంది, దాన్ని ముక్కలు ముక్కలుగా తుంచుతూ అడిగింది.

"ఈవిడెవులమ్మా?"

"సూరమ్మే. నువ్వే కదా" అన్నాను.

"నాను కాను. ఎవులో పట్నం నుంచొచ్చినావిడ."

లేచి గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. కోపమేమీ లేదు. పొరపాటున వేరే వాళ్ళింటికి వచ్చిన మనిషి తిరిగి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది. తర్వాత నేను ఎన్ని కథలు రాసినా ఒక్కసారి కూడా "సదువమ్మా" అనలేదు.

పోనీ పాత మాటలు మళ్ళీ పెడదామంటే ఎక్కడున్నాయి? నేను కొట్టేసిన రాతప్రతి ప్రెస్సుకి వెళ్ళి తిరిగి రాలేదు. కార్బన్ పేపరు దండగని రెండో ప్రతి తీయలేదు. అటక మీద పెట్టిన వారపత్రికల కట్ట చెదలు తినేశాయి. గుర్తున్నంత వరకు రాసుకుందామని ఒకరోజు కాగితం పట్టుకుని కూర్చుంటే నాలుగు వాక్యాలు వచ్చాయి. పైన రాసిన బట్టల వాక్యం అందులో ఒకటి.

అందుకని ఈ ఉత్తరం ఇక్కడ ఆపి ముందు ఒక పని చెయ్యి. ఇప్పుడున్నది ఉన్నట్టుగా, పేరులో ఇవాళ్టి తేదీ వేసి, వేరే ఫైలు చేసి దాచు. ఒకటి మెయిల్‌లో మీ నాన్నకి పంపు, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టు, ఒకటి ప్రింట్ తీసి నాకు కొరియర్ చెయ్యి. కాగితమే నాకు నమ్మకం. ఏటా చెదల మందు కొట్టిస్తున్నాలే. దిద్దుతూ తీసేసిన ముక్కలకి కూడా ఒక ఫైలు ఉండాలి. డిలీట్ నొక్కావని తెలిస్తే ఊరుకోను.

తాత అన్న ప్రతి మాటా అట్టే ఉంచమనడం లేదు. ఎక్కువైన చోట తగ్గించు. కానీ "బేగి" అర్థం కావట్లేదంటే ఆ మాట తీసెయ్యకు, తాత చేత కర్ర పట్టించి నాలుగడుగులు ముందు నడిపించు. వెనక్కి తిరిగి "బేగి రా" అంటే హైదరాబాదులో వాళ్ళకైనా తెలిసిపోతుంది. గురజాడ వారి ఇంటి ముందు నుంచి రోజూ బడికి నడిచి వెళ్ళినదాన్ని నేను. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని ఆయన అంతటితో వదల్లేదు, బాగా పెంచి, దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. అందులో ఎవరి మాట వాళ్ళదే. దిద్దడమంటే కొట్టెయ్యడమనే నేననుకున్నాను. ఆ గుమ్మం ముందు నుంచి అన్నేళ్ళు నడిచీ!

ప్రెస్సు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. నీ యూనికోడ్ ఫైలుని వాళ్ళు ప్రెస్సుల్లో వాడే "అను" ఫాంట్స్‌లోకి మార్చుకుంటే ఒత్తులు చెదురుతాయి. పీడీఎఫ్ వచ్చాక మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదవాల్సిందే. నాలుగు పేజీలు తిరగేసి సరే అనేసి, తర్వాత పుస్తకం చూసుకుని ఏడవకు.

దసరాకి వస్తావుగా. పండగ అవ్వగానే బస్సెక్కెయ్యకుండా మంగళవారం దాకా ఉండు. సిరిమాను చూద్దువుగాని. ఆ అధ్యాయం తెచ్చి నాకు పైకి చదివి వినిపించు, నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను. జీతం కోస్తే మీ నాన్నకి చెప్పకు, నాకు చెప్పు.

మీ అత్త.

తా.క. తాత వయసు అరవై ఆరు చెయ్యి.