పలాస తమ్ముడికి: ఫ్రీ బ్యాకప్‌కి ఏది నమ్మొచ్చంటే

తమ్ముడూ, జీడిపప్పు లెక్కలు, పిల్లల ఫొటోలు అన్నీ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి, ఫ్రీగా ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నమ్మొచ్చు అనడిగావు కదా. మాక్రియం ఫ్రీ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి 2024 జనవరి నుంచి సపోర్ట్ లేదు, పాత వీడియోలు చూసి అది వేసుకోకు. వీమ్ ఏజెంట్ ఫ్రీ ఎడిషన్ వేసుకో, విండోస్‌తో సహా మొత్తం డిస్క్‌ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి తీస్తాది, మొదటిసారి టైం పడతాది గాని తర్వాత మారినవే తీసుకుంటాది కాబట్టి తొందరగా అయిపోద్ది. రికవరీ పెన్‌డ్రైవ్ (విండోస్ లేవకపోయినా కంప్యూటర్ని స్టార్ట్ చేసి బ్యాకప్ వెనక్కి తెచ్చేది) మాత్రం ముందే చేసి పెట్టుకో, లేకపోతే విండోస్ లేవనప్పుడు బ్యాకప్ ఉండి కూడా చాలా అవస్థ పడతావు. పనవ్వగానే డిస్క్ పీకేసి బీరువాలో పెట్టు, తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చిందంటే అదీ పోద్ది. 2018లో తిత్లీ తుఫాను మీ వైపే కదా కొట్టింది, అలాంటప్పుడు ఇంట్లో ఉన్న కంప్యూటర్, డిస్క్ రెండూ పోవచ్చు, అందుకే లెక్కల ఫోల్డర్ వరకైనా గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉంచు, 15 జీబీ ఫ్రీయే. అప్పుడప్పుడు ఒక ఫైల్ రీస్టోర్ చేసి తెరుచుకుంటోందో లేదో చూడు, ఎక్కడైనా ఆగితే ఎర్రర్ ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.