బ్రిస్టల్‌కి వెళ్లే మేనకోడలికి

చిరంజీవి లావణ్యకి,

మామయ్య ఆశీస్సులు. అమ్మానాన్నల్ని రెండు రోజులు బ్రిస్టల్ తీసుకెళ్తున్నావని మీ అత్తయ్య చెప్పింది. నువ్వు పంపిన లిస్టు కూడా చూశాను. పదిహేడు చోట్లు! అన్నీ తిప్పావంటే మా చెల్లి మోకాళ్లు మొదటి రోజే సమ్మె చేస్తాయి. సగం కొట్టెయ్. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసినప్పుడు మూడుసార్లు వెళ్లొచ్చిన అనుభవంతో చెప్తున్నాను. ఊరు కొండల మీద ఉన్నా దాని కథంతా నీళ్ల దగ్గరే ఉంది. ఒడ్డు వదలకుండా తిరగండి చాలు.

ముందు రైలు సంగతి. లండన్ పాడింగ్టన్ నుంచి సుమారు గంటా నలభై నిమిషాలు. మీరు దిగాల్సింది టెంపుల్ మీడ్స్‌లో. బ్రిస్టల్ పార్క్‌వే అని ఇంకో స్టేషన్ ఉంది, అది ఊరి బయట. మొదటిసారి కార్డిఫ్ వెళ్లే రైలెక్కి, "బ్రిస్టల్" అన్న మాట కనబడగానే సూట్‌కేసులతో సహా దిగిపోయాం. చలిలో ఇంకో బండి కోసం కూర్చున్నంతసేపూ మీ అత్తయ్య నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇది తెలియకపోతే ఆ ఊళ్లో ఏం చూసినా ఫొటోలే మిగులుతాయి. సముద్రపు పోటు గరాటులా సన్నబడే సెవర్న్ నది ముఖద్వారంలోకి ఎగదన్నుకొస్తుంది కాబట్టి, అందులో కలిసే ఈ ఊరి ఏవన్ నదిలో ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం 12 మీటర్లకు పైగా మారుతుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు! పూర్వం ఆటు వచ్చిందంటే రేవులో ఓడలు బురదలో కూలబడి ఒక పక్కకి ఒరిగిపోయేవి. ఆ బాధ పడలేక 1809లో నదికి లాకులు కట్టి, లోపల నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలిచేలా చేశారు. నది పారడానికి పక్కనే వేరే కాలువ తవ్వారు. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన బావగారికి ఇది నువ్వు వివరించనక్కర్లేదు, ఆయనే నీకు చెప్తారు. ఆ నిలవ నీళ్ల మీద చిన్న ఫెర్రీ పడవలు తిరుగుతాయి. నడక తగ్గుతుంది, ఊరూ కనిపిస్తుంది. చలికాలమైతే మాత్రం టైమింగ్స్ ముందే చూసుకో.

పడవ దిగి ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్ ఓడకి వెళ్లండి. టికెట్ ధర చూసి మీ అమ్మ గుండె పట్టుకుంటుంది, రూపాయల్లోకి లెక్క కట్టనివ్వకు. బ్రునెల్ అనే ఇంజనీరు కట్టిన ఇనప ఓడ, 1843లో నీళ్లలోకి దింపారు. ఫాక్లండ్ దీవుల దగ్గర పాడుబడి ఉన్నదాన్ని 1970లో లాక్కొచ్చి, ఏ గుంటలో కట్టారో ఆ గుంటలోనే పెట్టారు. అడుగున తుప్పు పట్టకుండా గాలిలో తేమ తీసేస్తూ ఉంటారు. 1861లో ఆస్ట్రేలియా వెళ్లిన తొలి ఇంగ్లండ్ క్రికెట్ జట్టు ఈ ఓడలోనే వెళ్లింది. ఇది చెప్పాక బావగారిని అక్కణ్ణుంచి కదిలించడం నీ పని. 1857లో మన తిరుగుబాటును అణచడానికి సైనికుల్ని బొంబాయికి చేర్చిందీ ఇదే ఓడ. కింది డెక్‌లో పేద ప్రయాణికుల పడకలు చూడండి. నాకు మొదటి తరగతి గదులకన్నా అవే గుర్తుండిపోయాయి.

దగ్గర్లోనే ఎమ్ షెడ్ మ్యూజియం. టికెట్ లేదు, సోమవారం మాత్రం పెట్టుకోకు. బానిసల వ్యాపారంలో సొమ్ము చేసుకున్న కోల్‌స్టన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో జనం కూలదోసి ఈ రేవులోనే పడేశారు. పైకి తీసి, రంగు మరకలు చెరపకుండా ఇక్కడ పడుకోబెట్టారు. ఆ ఊరి అందమైన మేడల వెనక ఏ డబ్బుందో అది చూస్తే అర్థమవుతుంది.

క్లిఫ్టన్ వేలాడే వంతెనకి మాత్రం బస్సులోనో టాక్సీలోనో వెళ్లండి, ఎక్కుడు దారి. నడిచేవాళ్లకి డబ్బులు అక్కర్లేదు. ఆటు సమయం చూసుకుని వెళ్తే, 75 మీటర్లకు పైగా కింద, బురద ఒడ్ల మధ్య సన్నగా నది కనబడుతుంది. గొడుగు వద్దు, రెయిన్‌కోట్ తీసుకెళ్లు. నా గొడుగు ఆ గాలికి తామరపువ్వులా విచ్చుకుంది.

నీ లిస్టులో లేనిదొకటి చేర్చు. ఆర్నోస్ వేల్ శ్మశానవాటిక. మొహం చిట్లించకు. రామ్మోహన్ రాయ్ గారి సమాధి అక్కడుంది. 1833 సెప్టెంబర్ 27న బ్రిస్టల్‌లోనే పోయారు. ముందు స్టేపుల్టన్‌లో ఖననం చేసి, 1843లో ఇక్కడికి మార్చారు. రవీంద్రుడి తాతగారు ద్వారకానాథ్ ఠాగూర్ పూనుకుని పైన రాతి ఛత్రి, అంటే గొడుగులాంటి మండపం, కట్టించారు. ఆ చెట్ల మధ్య దాన్ని చూడగానే మన దేశపు తరహా కట్టడమని తెలిసిపోతుంది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి ఇంటి ముందు నుంచి బడికి వెళ్లిన మనిషి బావగారు. పంతులుగారికి దారి చూపిన బ్రహ్మసమాజం రాయ్ గారు పెట్టిందే. బావగారిని అక్కడ కాసేపు ఒంటరిగా వదిలెయ్. సాయంత్రం గేటు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. ఒకసారి మేం ఆలస్యంగా వెళ్లి బయటినుంచే దణ్ణం పెట్టుకుని వచ్చాం.

మధ్యాహ్నం సెయింట్ నికొలస్ మార్కెట్‌లో తినండి, శాకాహారం దొరుకుతుంది. ఆ పక్కనే కార్న్ స్ట్రీట్‌లో ఉన్న గడియారానికి నిమిషాల ముళ్లు రెండు ఉంటాయి. ఒకటి లండన్ టైము, రెండోది దానికి సుమారు పది నిమిషాలు వెనకుండే పాత బ్రిస్టల్ టైము. మీ అమ్మ తయారవ్వడానికి ఆలస్యమైతే రెండో ముల్లు చూపించమను.

టికెట్లు బుక్ చేసే ముందు స్టేషన్ పేరు ఇంకోసారి చూసుకో. ఛత్రి దగ్గర బావగారి ఫొటో ఒకటి తీసి నాకు పంపు.

మీ మామయ్య