గాడిదను తీసెయ్యకు, తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన తమిళ సామెతల కథలు రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కథ చెప్పడం నీకు వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ దాదాపు ప్రతి కథా "ఈ సామెతకు అసలు అర్థం ఇది కాదు" అనే మొదలవుతోంది. నా బెంగంతా అక్కడే.

గాడిద సంగతే తీసుకో. 'కళుదైక్కు తెరియుమా కర్పూర వాసనై', అంటే గాడిదకేం తెలుసు కర్పూరం వాసన అని. నువ్వేమో ఇందులో గాడిదే లేదు, 'కళు' అంటే ఒకరకం గడ్డి, దాంతో చాప అల్లితే కర్పూరం వాసన వస్తుంది, 'కళు తైక్క తెరియుమాం', అంటే కళుతో చాప కుడితే తెలుస్తుందట అన్న మాట జనం నోట్లో పడి పాడైపోయింది అని రాశావు. ఇది నువ్వు కల్పించింది కాదు, తమిళనాట చాలామంది చెప్పేదే. అయితే ఒక్కసారి మనింట్లో మాట గుర్తుచేసుకో: గాడిదకేం తెలుసు గంధం వాసన. కన్నడంలో 'కత్తె'కేం తెలుసు కస్తూరి వాసన అంటారు, కత్తె అన్నా గాడిదే. ప్రాస కుదరడానికి తమిళం వాళ్లు కర్పూరం, మనం గంధం, కన్నడం వాళ్లు కస్తూరి తెచ్చుకున్నాం గానీ గాడిదను మాత్రం ఎవరమూ వదల్లేదు. అలాంటప్పుడు ఆ గడ్డిచాప తర్వాత ఎవరో అల్లిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఏ సామెతకైనా కొత్త అర్థం వినగానే ఇలా పక్కింటి భాషను ఒకసారి అడుగు.

వైద్యుడి సామెతా అంతే. 'ఆయిరం పేరై కొండ్రవన్ అరై వైద్దియన్', వెయ్యిమందిని చంపినవాడు సగం వైద్యుడు. దీన్ని 'వేరై కొండవన్' అని దిద్ది, వెయ్యి వేర్లు చేతిలో ఉన్నవాడు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సంస్కృతంలో 'శతమారీ భవేద్వైద్యః' అని ఉంది కదా, అక్కడ వేర్లూ లేవు, మూలికలూ లేవు, నూరుమందిని చంపడమే ఉంది. ఈ దిద్దుబాట్లన్నీ సామెతలోని కారం తీసేస్తాయి, గమనించు. గాడిద గడ్డి అవుతుంది, చంపినవాడు పండితుడవుతాడు, 'పందిక్కు ముందు, పడైక్కు పిందు' అని, అంటే భోజనాల బంతికి ముందు, యుద్ధానికి వెనక అని తిట్లు తిన్న తిండిపోతు కాస్తా విల్లు లాగేటప్పుడు వెనక్కి వెళ్లే కుడిచెయ్యి అయిపోతాడు. ఒళ్లు మండి ఎవరో అన్న మాటకు మర్యాద తొడిగి కూర్చోబెడితే నాకు నిజంగా బాధేస్తుంది.

కొన్ని సామెతల వెనక కథే ఉండదు. మేం చెన్నైలో అద్దెకున్నప్పుడు కింద వాటాలో ఒక పాట్టి, అంటే తమిళ అవ్వ, ఉండేది. రోజూ పొద్దున గోడవారన సన్నికల్లు ముందు కూర్చుని (వాళ్లు 'అమ్మి' అంటారు) మిరపకాయలూ కొబ్బరీ నూరేది. పొత్రం ముందుకీ వెనక్కీ ఆడుతుంటే, అంత బరువు రాయీ వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ, నూరడం అయ్యేసరికి గోడకు జానెడు దూరం వచ్చేసేది. రెండు చేతులతో దాన్ని వెనక్కి తోసి, ఎక్కాలు రావడం లేదని ఏడుస్తున్న మనవడితో "అడిమేల్ అడి అడిచ్చా అమ్మియుం నగరుండా" అనేది. దెబ్బ మీద దెబ్బ వేస్తే సన్నికల్లయినా కదులుతుంది. నువ్వు దీనికి ఒక రాజునూ శిల్పినీ తెచ్చిపెట్టావు. వాళ్లను పంపించెయ్. ఆ రాయీ, ఆ పిల్లాడూ చాలు.

కథలు వద్దని కాదు. సామెతకు కథ జోడించడం తమిళంలో చాలా పాత అలవాటు. 'పళమొళి నానూరు' అని మున్రురై అరైయనార్ అనే జైన కవి రాసిన 400 పద్యాలున్నాయి, ఒక్కో పద్యంలో ఒక్కో సామెత. అల్లుకోవడానికి ఆధారం లేని మల్లెతీగకు రథాన్నే వదిలేసిన పారి, చలికి వణుకుతోందని నెమలికి దుప్పటి కప్పిన పేగన్, ఈ ఇద్దరు పాత తమిళ రాజులనూ తలచుకుని ఆయన 'అఱిమడముం సాండ్రోర్కు అణి' అంటాడు, తెలిసి చేసే వెర్రితనం కూడా పెద్దలకు నగే అని. ఇది నీ సంకలనంలో లేదు. తప్పకుండా చేర్చు.

నీ వాటిలో నాకు బాగా నచ్చింది కర్ణుడిది. 'ఆఱిలుం సావు, నూఱిలుం సావు'. మామూలుగా ఆరేళ్లకైనా చావే నూరేళ్లకైనా చావే అని వాడతారు. జనం కథలో మాత్రం కుంతి వచ్చి తమ్ముళ్లతో చేరమంటే, అయిదుగురితో కలిసి ఆరోవాడినైనా నాకు చావే, ఆ నూరుగురితో ఉన్నా చావే, ఉప్పు తిన్నచోటే ఉంటాను అంటాడు కర్ణుడు. వ్యాసుడి దగ్గర నీకు అయిదుగురు కొడుకులు మిగులుతారని మాటిస్తాడు, ఈ ఆరూ నూరూ మాత్రం తమిళ నోళ్లలో పండినవి. మనకూ 'ఆరు నూరైనా' ఉంది కాబట్టి తెలుగులో ప్రాస చెడకుండా దిగుతుంది, అదెంత అదృష్టమో చూడు. ఇక్కడ కూడా 'అసలు అర్థం' అన్న ముక్క కొట్టేసి, 'ఇలా కూడా చెప్పుకుంటారు' అని రాయి. రెండు అర్థాలూ ఉండనీ.

ఇక నుంచి ప్రతి సామెతకూ పైన తమిళ మాటను మన లిపిలో ఉన్నదున్నట్టు రాసి, కింద నీకది ఎవరు చెప్పారు, ఏ సందర్భంలో ఎవరిని అన్నారు, నవ్వుతూనా కోపంగానా అన్నది రాసుకో. పుస్తకంలోనో ఫోన్‌లోనో చూసిందైతే ఆ మాటే రాయి. వచ్చే నెల మదురై వెళ్తున్నానన్నావుగా, అక్కడ గాడిద సామెత ఎవరి నోటనైనా వినపడితే కథ అడగడానికి తొందరపడకు, అది ఎవరి మీద విసిరారో ముందు చూడు. ఆ మనిషి మొహం ఎలా మారిందో నాకు రాసి పంపు.

ప్రేమతో,
అక్క