ముందు ఫ్లక్స్ పట్టిక, తర్వాతే ఫిట్టింగ్

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

ప్రాజెక్టుకి గెలాక్సీల ఎస్ఈడీ ఫిట్టింగ్ (ఒక్కో తరంగదైర్ఘ్యంలో గెలాక్సీ కాంతిని కొలిచి, దానికి సరిపడే మోడల్‌తో ద్రవ్యరాశి, వయసు, ధూళి రాబట్టడం) తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. మంచి పని చేశావు. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో వేధశాల పెట్టిన నాటి చీకటి విశాఖలో ఇప్పుడెక్కడిది? ఈ తేమగాలిలో, ఈ వీధిదీపాల్లో మసక గెలాక్సీల రంగులు కొలవలేం. గ్యాలెక్స్ (అతినీలలోహితం), స్లోన్ (కంటికి కనిపించే కాంతి), టూమాస్, వైజ్ (పరారుణం) సర్వేల డేటా ఉచితంగా దొరుకుతోంది కనక ఏయూ హాస్టల్ గదిలో లాప్‌టాప్ ఉంటే సరిపోతుంది.

సిగేల్, బ్యాగ్‌పైప్స్, ప్రాస్పెక్టర్‌లలో ఏ కోడ్ వాడాలని మరీ మథనపడకు. ఫిట్ చెడేది ఎక్కువగా కోడ్‌లో కాదు, నువ్వు దానికిచ్చే ఫ్లక్స్ పట్టికలో, అంటే ఒక్కో బ్యాండులో (ఒక ఫిల్టర్ వదిలే తరంగదైర్ఘ్యాల్లో) మనకి చేరే కాంతి లెక్కలో. సగం సమయం అక్కడే పెట్టు.

మాగ్నిట్యూడ్ (కాంతి తగ్గేకొద్దీ పెరిగే అంకె)కి సున్నా ఎక్కడ పెట్టాలన్నదానికి రెండు పద్ధతులు. గ్యాలెక్స్, స్లోన్ మాగ్నిట్యూడ్లు ఏబీ పద్ధతిలో ఉంటాయి (స్లోన్ యూ బ్యాండుకి 0.04 తీసెయ్యాలి). టూమాస్, వైజ్‌లవి వేగా నక్షత్రాన్ని సున్నాగా తీసుకునే వేగా పద్ధతి. వైజ్ 3.4 మైక్రాన్ల బ్యాండులో 13.0 అని ఉందనుకో. దానికి 2.699 కలిపితే ఏబీలో 15.699. ఏబీలో సున్నా అంటే 3631 జాన్‌స్కీలు (ఫ్లక్స్ కొలమానం), ఆ లెక్కన ఫ్లక్స్ 1.9 మిల్లీజాన్‌స్కీలు. కలపడం మర్చిపోతే 22.9 వస్తుంది, అంటే 12 రెట్లు. కోడ్ నోరెత్తదు. గ్రాఫులో ఆ ఒక్క కొలత చుక్కని అందుకోవడానికి లేని ధూళిని, లేని కృష్ణబిలాన్ని తెచ్చిపెట్టి, ద్రవ్యరాశిని కూడా పెంచేస్తుంది.

ఇక ఎపర్చర్, అంటే కాంతిని కొలిచే వలయం. గ్యాలెక్స్ బొమ్మ సుమారు 5 ఆర్క్‌సెకన్లు, వైజ్ 6 ఆర్క్‌సెకన్లు (22 మైక్రాన్ల బ్యాండులో 12) అలుక్కుని ఉంటుంది. స్లోన్‌ది సుమారు ఒకటిన్నరే. క్యాటలాగుల్లోంచి నేరుగా అంకెలు ఏరుకుంటే ఒక బ్యాండులో గెలాక్సీ మొత్తం, ఇంకో బ్యాండులో నడిబొడ్డు మాత్రమే పడతాయి. ముఖ్యంగా వైజ్ ప్రొఫైల్-ఫిట్ మాగ్నిట్యూడ్లు నక్షత్రాల కోసం పెట్టినవి, విస్తరించిన గెలాక్సీకి వాడితే అంచుల కాంతి పోతుంది. అన్ని బొమ్మల్నీ అన్నిటికంటే మసకైనదాని స్థాయికి దించి, పక్క నక్షత్రాల్ని మాస్క్ చేసి, ఒకే ఎలిప్స్‌లో కొలువు.

పాలపుంత ధూళి సవరణ మర్చిపోవద్దు. ఆ ధూళి తెచ్చే రంగు తేడా, E(B-V), 0.05 మాత్రమే ఉన్న దిక్కున కూడా గ్యాలెక్స్ సమీప అతినీలలోహితంలో దాదాపు 0.4 మాగ్నిట్యూడ్ కాంతి పోతుంది.

స్లోన్ ఎర్రర్లు ఒక శాతమే కనిపిస్తాయి, అలాగే ఇచ్చావంటే ఆ ఐదు చుక్కలే ఫిట్‌ని లాక్కుపోతాయి. ప్రతి బ్యాండు ఎర్రర్‌కీ కనీసం 5 శాతం, వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే పద్ధతిలో కలుపు. సిగేల్ తనంతట తనే 10 శాతం కలుపుతుంది, రెండుసార్లు కలపకు. దూరం లెక్కకట్టే రెడ్‌షిఫ్ట్ (కాంతి గీతలు ఎరుపు వైపు జరగడం) స్పెక్ట్రంలోంచి వచ్చిందే వాడు. దూరంలో 10 శాతం తప్పితే ద్రవ్యరాశిలో 20 శాతం తప్పుతుంది.

అసలు తిప్పలంతా ఎరుపుతోనే. గెలాక్సీ ఎర్రగా ఉందంటే నక్షత్రాలు ముసలివి కావచ్చు, లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలు) ఎక్కువ కావచ్చు, ధూళి కప్పి ఉండొచ్చు. స్లోన్ ఐదు బ్యాండులతో ఈ మూడిటినీ విడదీయలేవు. అతినీలలోహితంలో ధూళి మింగిన శక్తి దూర పరారుణంలో బయటపడాలి కనక 60, 100 మైక్రాన్ల దగ్గర కొలతలున్నాయేమో చూడు. స్పెక్ట్రం ఉంటే హైడ్రోజన్ ఆల్ఫా-బీటా గీతల నిష్పత్తి పట్టుకో: ధూళి లేకపోతే 2.86 దగ్గర ఉంటుంది, ఎక్కువైందంటే ధూళి ఉన్నట్టే. 4000 ఆంగ్‌స్ట్రాముల దగ్గర కాంతి మెట్టు వయసు చెబుతుంది. కాకపోతే స్లోన్ తొలి స్పెక్ట్రాల ఫైబర్ వ్యాసం 3 ఆర్క్‌సెకన్లే, దగ్గరి గెలాక్సీలో అది మధ్యభాగం కథ మాత్రమే.

నక్షత్రజనన చరిత్రకి క్రమంగా తగ్గిపోయే ఒకే ఎక్స్‌పొనెన్షియల్ వక్రం పెట్టి ఊరుకోకు. కొత్త నీలి నక్షత్రాల వెలుగులో పాత నక్షత్రాల ద్రవ్యరాశి కనబడదు, విశాఖ ఉత్సవ్ ఫ్లడ్‌లైట్ల ముందు చేపల పడవల దీపాల్లా. కాలాన్ని ముక్కలుగా విడగొట్టే నాన్-పారామెట్రిక్ చరిత్రతో మళ్ళీ ఫిట్ చెయ్యి. ద్రవ్యరాశి 0.1 నుంచి 0.3 డెక్స్ (సుమారు 1.3 నుంచి 2 రెట్లు) దాకా పెరగొచ్చు. రెండు అంకెలూ రాయి.

వేరే పేపర్‌తో పోల్చేటప్పుడు పుట్టే నక్షత్రాల్లో ఏ బరువువి ఎన్ని అన్న సూత్రం (ఐఎంఎఫ్) వాళ్ళు వాడినది సాల్పీటర్‌దా, షాబ్రియేదా చూడు, ద్రవ్యరాశిలో సుమారు 1.7 రెట్ల తేడా అక్కడే ఉంది. పుట్టిన మొత్తం ద్రవ్యరాశా, ఇప్పటికి మిగిలిందా అన్నది ఇంకో మెలిక. ప్రాస్పెక్టర్ మొదటిది ఇస్తుంది.

ఫిట్ నచ్చాక దాని మోడల్ ఫ్లక్సులకి ఎర్రర్ మేరకు యాదృచ్ఛిక అంకెలు కలిపి మళ్ళీ ఫిట్ చెయ్యి. ద్రవ్యరాశి మామూలుగా తిరిగొస్తుంది. వయసు, లోహాలు చాలాసార్లు రావు. రాని వాటిని థీసిస్‌లో ఫలితాలుగా పెట్టకు. నువ్విచ్చిన ప్రయరూ (ముందస్తు అంచనా) వచ్చిన పోస్టీరియరూ (ఫిట్ తర్వాతి అంచనా) ఒకేలా ఉంటే డేటా ఏమీ చెప్పనట్టే.

ముందు పది గెలాక్సీల ఫ్లక్స్ పట్టిక పంపు, ఏ బ్యాండు ఏ పద్ధతిలో ఉందో, ఏ ఎలిప్స్‌లో కొలిచావో పక్కనే రాసి. ఫిట్ బొమ్మలు ఇప్పుడే వద్దు.

మీ బాబాయి